బిడ్డను ఇల్లు దాటించే ముందు



వికారాబాద్ అనగానే పాతతరం వారికి అనంతగిరి గుర్తుకు వస్తుంది. కొందరికి గుడి, కొందరికి మూసీ పుట్టిన చోటు, ఇంకా చాలామందికి కొండమీది క్షయ ఆసుపత్రి. నిజాం కాలం నాటి ఆ శానిటోరియంకు దూరదూరాల నుంచి రోగులు వచ్చేవారు. చల్లని గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి, ఇవే ఆనాటి వైద్యం. ఒకసారి కొండ ఎక్కిన మనిషి నెలల తరబడి దిగకపోయేవాడు. ఆ నెలల్లో ఇంటి దగ్గర పిల్లలు ఏమయ్యారో ఏ కేసు కాగితంలోనూ రాసి ఉండదు. కొందరు మేనమామ ఇంటికి, కొందరు దొర దగ్గర జీతానికి, కొందరు ఏదో ఒక శరణాలయానికి చేరి ఉంటారు.

1956లో మద్రాసులో డాక్టర్లు ఒక పరిశోధన మొదలుపెట్టారు. పేద క్షయ రోగులను రెండు భాగాలు చేశారు. ఒక భాగాన్ని శానిటోరియంలో చేర్చారు. ఇంకో భాగాన్ని వారి ఇరుకు ఇళ్లలోనే ఉంచారు. ఇద్దరికీ ఒకే మందులు ఇచ్చారు. ఏడాది గడిచాక చూస్తే, ఇంటిదగ్గర ఉన్నవారు కూడా దాదాపు అంతే బాగుపడ్డారు. ఇంట్లోవారికి జబ్బు అంటుకోవడం కూడా అందువల్ల పెరగలేదు. 1959లో ఈ ఫలితాలు అచ్చయిన తర్వాత ప్రపంచమంతటా క్షయ వైద్యం దారి మార్చుకున్నది. మందు సరిగ్గా ఇంటికి చేరితే, మనిషిని ఇంటి నుంచి దూరం చేయనక్కరలేదని తేలిపోయింది.

క్షయ విషయంలో ఈ పాఠం నేర్చుకుని అరవై ఏళ్లు దాటింది. పిల్లల విషయంలో మాత్రం ఇంకా నేర్చుకోలేదని మా అభిప్రాయం. ఇంటికి కష్టం వస్తే బిడ్డను ఇంటి నుంచి తీసేయడమే సహాయమని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. కష్టంలో ఉన్న తల్లిదండ్రులు అలాగే అనుకుంటున్నారు, దయగల సంఘ పెద్దలు అలాగే అనుకుంటున్నారు, సముద్రాల అవతలి నుంచి డబ్బు పంపే మంచి మనసున్నవారు కూడా అలాగే అనుకుంటున్నారు.

మిషన్ ఆసుపత్రి వార్డుల్లో తరచుగా వినబడే మాట ఒకటి ఉంది. “సార్, నాకు ఈ జబ్బు వచ్చింది, పిల్లలను ఏదైనా హోంలో వేయించండి.” తాండూరు వైపు బండల పాలిష్ పనిచేసేవారు అంటారు, తండాల నుంచి వచ్చిన తల్లులు అంటారు, కొడంగల్ వైపు నుంచి ముంబయికో పూనాకో వలసపోయి జబ్బుతో తిరిగివచ్చినవారు అంటారు. ఆ మాట వెనుక రెండు భయాలు ఉంటాయి. ఒకటి జబ్బు పిల్లలకు అంటుకుంటుందని. రెండవది పిల్లలకు తిండి ఎవరు పెడతారని.

మొదటి భయానికి మందు ఉంది. క్షయకు సరైన మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలలోనే ఆ రోగి వల్ల ఇతరులకు అంటుకునే అవకాశం చాలావరకు తగ్గిపోతుంది. మామూలు మందులకు లొంగని మొండి క్షయ అయితే డాక్టరు చెప్పే వరకు మరికొంత జాగ్రత్త కావాలి. ఇంట్లో అయిదేళ్లలోపు బిడ్డలు ఉంటే వారికి జబ్బు లేదని పరీక్షించి, జబ్బు రాకుండా ముందుగానే మందు ఇస్తారు. ఇప్పుడు ఇంట్లో పెద్దవారికి కూడా ఇస్తున్నారు. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ, గదికి కిటికీ, మందు మానకపోవడం, ఇవి చాలు. హెచ్.ఐ.వి. విషయంలో అయితే ఒకే పళ్లెంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా బిడ్డకు అంటుకోదు. ఈ మాట ఇరవై ఏళ్లుగా చెబుతున్నాము, ఇంకా చెప్పవలసి వస్తున్నది. జబ్బు భయంతో బిడ్డను పంపివేసే అవసరం ఇప్పుడు దాదాపు లేదు. రెండవ భయం, అంటే తిండి సంగతి, కాసేపట్లో చెబుతాము.

ముందు ‘అనాథ’ అనే మాటను చూద్దాం. తల్లీ తండ్రీ లేని బిడ్డను అనాథ అంటాము కదా. కానీ 2009లో సేవ్ ద చిల్డ్రన్ అనే అంతర్జాతీయ సంస్థ ప్రకటించిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో ఇలాంటి హోంలలో పెరిగే ప్రతి అయిదుగురు పిల్లలలో కనీసం నలుగురికి తల్లో తండ్రో ఇద్దరూనో బతికే ఉన్నారు. కంబోడియా దేశంలో 2011లో లెక్క తీస్తే, అక్కడి అనాథాశ్రమాల పిల్లలలో నలుగురికి ముగ్గురు ఇలాంటివారే. అక్కడ ఆశ్రమాల సంఖ్య పెరిగింది అనాథలు పెరిగినందువల్ల కాదు. విదేశీ యాత్రికులు, దాతలు వచ్చి చూసి డబ్బు ఇవ్వడం పెరిగింది, అందుకని ఆశ్రమాలు పెరిగాయి. ఆశ్రమం పెట్టాక మంచాలు నిండాలి కదా, పిల్లల కోసం పల్లెలకు వెళ్లారు.

బిడ్డ హోంలో బాగానే తింటున్నాడు, బరువు పెరిగాడు, ఇంకేమి కావాలి అని అడిగేవారు ఉంటారు. ఇది ఆరోగ్య పత్రిక గనుక దీనికి వైద్యపరమైన జవాబే చెబుతాము. రుమేనియా దేశంలో 1989 చివర పాత ప్రభుత్వం కూలిపోయినప్పుడు, పెద్ద పెద్ద ప్రభుత్వ శరణాలయాలలో లక్షమందికి పైగా పిల్లలు బయటపడ్డారు. 2000 తర్వాత అక్కడి రాజధాని బుకారెస్టులో అమెరికా పరిశోధకులు 136 మంది పసిపిల్లలను ఎంచుకున్నారు. చీటీలు వేసినట్టుగా సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. మిగిలినవారు శరణాలయాల సంరక్షణలోనే కొనసాగారు. ఏళ్ల తరబడి కొలిచి చూశారు. కుటుంబాలకు వెళ్లిన పిల్లల తెలివితేటలు, మాటలు, మనుషులతో కలిసే తీరు మెరుగయ్యాయి. ముఖ్యంగా రెండేళ్లు నిండకముందే వెళ్లినవారు ఎక్కువ బాగుపడ్డారు. పాలు, బట్టలు, పరుపు ఉన్నా సరే, ఏడిస్తే ఎత్తుకునే ఒక మనిషి, రేపు కూడా అదే మనిషి, లేకపోతే పసిబిడ్డ మెదడు పూర్తిగా ఎదగదు. షిఫ్టు మారగానే మారిపోయే ఆయా ఎంత మంచిదైనా ఆ పని చేయలేదు. మన ఇళ్లలో నానమ్మలకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు.

ఇక సముద్రం దాటి వచ్చే సహాయం సంగతి. విదేశాల నుంచి వచ్చి మన పిల్లల కోసం జీవితం గడిపిన వారిని మనం గౌరవిస్తాము, గౌరవించాలి కూడా. అయితే అందరి పని ఒకే తీరుగా లేదు. తెలుగు నేల మీద అందరికీ తెలిసిన ఒకరి పని చూస్తే మా మాట తేలికగా అర్థమవుతుంది. స్పెయిన్ దేశపు బార్సిలోనాలో 1920లో పుట్టిన విసెంటె ఫెర్రర్ 1952లో జెస్యూట్ సభ తరఫున బొంబాయికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతులతో బావులు తవ్వించారు. అక్కడి పెద్దలకు కంటగింపై 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. మరుసటి ఏడాది తిరిగివచ్చి, ఎవరూ రానంటున్న అనంతపురంలో స్థిరపడ్డారు. తర్వాత గురుత్వం వదిలి, ఇంగ్లండులో పుట్టిన పాత్రికేయురాలు అన్నె గారిని వివాహమాడారు. 2009 జూన్‌లో అనంతపురంలోనే కన్నుమూశారు. నలభై ఏళ్లు ఒకే జిల్లా. అన్నె గారు ఆయన తర్వాత కూడా ఆ పని కొనసాగించారు.

వారు స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు స్పెయిన్‌లో వేలాదిమంది దాతలు ఒక్కొక్క బిడ్డ పేరున డబ్బు పంపుతారు. ఆ బిడ్డ ఫోటో, ఉత్తరం దాతకు వెళ్తాయి. కానీ ఆ బిడ్డను ఎక్కడికీ తీసుకుపోరు. బిడ్డ తన ఊరిలో, తన అమ్మ దగ్గరే ఉంటుంది. డబ్బు కూడా ఆ ఒక్క బిడ్డ చేతికి పోదు. ఊరిలో బడి తర్వాత చదువు చెప్పే కేంద్రం, పక్కా ఇల్లు, పొలానికి నీరు, బత్తలపల్లిలో ఆసుపత్రి, ఇలా ఖర్చవుతుంది. ఆ ఆసుపత్రిలో క్షయ, హెచ్.ఐ.వి. రోగులకు వైద్యం చేస్తారు. అంటే తల్లికి మందు అందితే బిడ్డకు హోం అవసరం రాదు. ఇందులో గొప్ప సిద్ధాంతం ఏమీ లేదు. ఫెర్రర్ దంపతుల మతాభిప్రాయాల మీద, ట్రస్టు నడిచే తీరు మీద ఎవరికి ఏ అభిప్రాయం ఉన్నా, బిడ్డను ఇంటనే ఉంచి సహాయం చేయవచ్చునని అక్కడ కళ్లముందు కనబడుతున్నది.

దీనికి పూర్తిగా ఎదురు దారి కూడా మన రాష్ట్రంలోనే చూశాము. 1999లోను, మళ్లీ 2001లోను హైదరాబాదు చుట్టుపక్కల జిల్లాల లంబాడీ తండాల నుంచి ఆడపిల్లలను కొద్దిపాటి డబ్బుకు కొని, దత్తత పేరుతో విదేశాలకు పంపుతున్న వ్యవహారాలు బయటపడ్డాయి. పేపర్లలో వారాల తరబడి వచ్చింది. మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల పుట్టిన తల్లి దగ్గరికి ఒక మధ్యవర్తి వచ్చేవాడు. వేలిముద్ర వేయించుకునేవాడు. ఆ కాగితంలో ఏమి రాసి ఉన్నదో తల్లికి తెలియదు. అవతలి దేశంలో ఆ బిడ్డ కోసం వేల డాలర్లు కట్టిన దంపతులకు కూడా తెలియదు. ఇద్దరికీ మధ్య ఉన్నవారికి మాత్రం అంతా తెలుసు. పేదరికం వల్లనో ఆడపిల్ల అనో వదిలివేసే బిడ్డలను దత్తత కోసం స్వీకరించకూడదని 2001లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

ఆ రోజుల్లోనే జరిగిన ఒక సంగతి హాస్టళ్లలో పిల్లలను వేసే ప్రతి తల్లిదండ్రులూ వినాలి. 1998లో డేవిడ్ స్మోలిన్ అనే అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు, ఆయన భార్య కలిసి ఆంధ్రప్రదేశ్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లను దత్తత తీసుకున్నారు. పసిపిల్లలు కారు, ఊహ తెలిసినవారు. అమెరికా చేరాక కొన్ని వారాలకే, మా అమ్మ బతికే ఉంది అన్న సంగతి ఆ పిల్లల మాటల్లో బయటపడింది. ఆ తల్లి వారిని ఎవరికీ ఇచ్చివేయలేదు. చదువుకుంటారు, తిండి దొరుకుతుంది అని నమ్మి ఒక హాస్టలులాంటి చోట వదిలింది. చూడటానికి వచ్చేసరికి పిల్లలు లేరు. స్మోలిన్ గారు తల్లిని వెతకడానికి ప్రయత్నిస్తే, సహాయం చేయవలసినవారు ఎవరూ సహాయం చేయలేదని ఆయనే రాశారు. చివరకు ఏళ్ల తర్వాత తల్లి ఆచూకీ దొరికింది. ఆయన తన వృత్తి జీవితంలో పెద్ద భాగాన్ని, దొంగిలించిన పిల్లలకు మంచి కాగితాలు పుట్టించి దత్తతకు పంపే ఈ పద్ధతి మీద రాయడానికే వెచ్చించారు. మేము ఆయనను మెచ్చుకుంటాము. అయినా ఆ అమ్మకు పోయిన ఏళ్లు పోయినవే.

దత్తత చెడ్డదని మా ఉద్దేశం కాదు. నిజంగా ఎవరూ లేని బిడ్డకు దత్తత తల్లిదండ్రులు దొరకడం ఎంతో మంచిది. కానీ దారి సరైనది కావాలి. ఇక్కడ సంఘ కుటుంబాలకు ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ‘పిల్లలు లేనివాళ్లు ఉన్నారు, వాళ్లకిద్దాం’ అని నర్సమ్మ ద్వారానో, ఆయమ్మ ద్వారానో, పెద్దమనుషుల సమక్షంలో బాండు పేపరు రాసుకొని ఇవ్వడం ఇంకా జరుగుతూనే ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను అమ్మినా కొన్నా అయిదేళ్ల వరకు కఠిన శిక్ష. ఆసుపత్రి సిబ్బంది చేస్తే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు. డబ్బు చేతులు మారకపోయినా చట్టం దారి తప్పి ఇచ్చిపుచ్చుకుంటే శిక్ష ఉంది. క్రైస్తవులకు హిందూ దత్తత చట్టం వర్తించదు. పూర్వం మనవారు 1890 నాటి చట్టం కింద సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు. ఇప్పుడు బాలల న్యాయ చట్టం కింద ఏ మతంవారైనా పూర్తి తల్లిదండ్రులు కావచ్చు. ప్రభుత్వ దత్తత సంస్థలో పేరు నమోదు చేసుకొని వరుసలో ఉండాలి. ఆలస్యమవుతుంది, నిజమే. బిడ్డను పెంచలేని తల్లి కూడా పిల్లల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్లి బిడ్డను అప్పగించవచ్చు, ఎవరూ నిందించకూడదు. ఆమె మనసు మార్చుకోవడానికి చట్టం 60 రోజులు ఇస్తుంది. బాండు పేపరు ఒక్కరోజు కూడా ఇవ్వదు.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. వికారాబాద్ జిల్లా 2016 అక్టోబరులో ఏర్పడింది. అంతకుముందు వికారాబాద్, తాండూరు రెండూ రంగారెడ్డి జిల్లాలోనివి. ఆ రంగారెడ్డి జిల్లాలోనే, 1991లో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించే శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్‌లోని ఆమె సహచరులు పిల్లల పని మొదలుపెట్టారు. అంతకుముందు వారు వెట్టి నుంచి విడిపించిన కూలీల మధ్య పనిచేశారు. అప్పుడు వారికి కనబడింది ఏమిటంటే, పెద్దలు అప్పు తీర్చలేక పిల్లలను జీతం పెడుతున్నారు. జీతగాడంటే ఎవరో ఈ పత్రిక చదివే పెద్దవారికి చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున పేడ తీయడంతో మొదలై, పశువుల వెంట తిరిగి, రాత్రి దొడ్డిలోనే పడుకునే పదేళ్ల పిల్లవాడు.

ఆ రోజుల్లో అందరూ అనే మాట ఏమిటి? పేదవాళ్లకు పిల్లల సంపాదన లేకపోతే గడవదు, చదువు మీద వారికి ఇష్టం లేదు, కావాలంటే పనిచేసుకుంటూ రాత్రి బడికి వస్తారు. శాంతా సిన్హా గారి బృందం ఈ మూడింటినీ కాదన్నది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది. రాత్రిబడి వద్దు, మామూలు ప్రభుత్వ బడే కావాలి అన్నది. పదేళ్లు దాటి అక్షరం రాని పిల్లలకు కొన్ని నెలలు ఒక శిబిరంలో ఉంచి, వయసుకు తగిన తరగతిలో కూర్చోగలిగేంత చదువు నేర్పారు. ఆ తర్వాత బడిలో చేర్చారు. శిబిరం వారధి మాత్రమే, ఇల్లు కాదు, అది గమనించండి. ఊరిలో జీతగాళ్లను పెట్టుకున్న రైతులతో పోట్లాడలేదు, కూర్చుని మాట్లాడారు, కొన్నిచోట్ల ఆ రైతులే బడి కమిటీలోకి వచ్చారు. ప్రభుత్వ టీచర్లు బాల కార్మిక విమోచన వేదిక పెట్టుకున్నారు. ఇంటింటికీ తిరిగిన కార్యకర్తలలో చాలామంది ఆ ఊళ్ల యువకులే, వారిలో కొందరు ఒకప్పుడు తామే పశువులు కాసినవారు. 2003లో శాంతా సిన్హా గారికి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007 నుంచి 2013 వరకు ఆమె జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలిగా పనిచేశారు. ఆ మధ్యలోనే, 2010 ఏప్రిల్ 1న, విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది.

మనకు చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. 2003 నుంచి ఐరోపాలోని కొన్ని సంస్థలు బాలకార్మికత మీద ఒక ప్రచారం మొదలుపెట్టి, రంగారెడ్డి జిల్లాలో పుట్టిన ఈ పద్ధతిని ఆఫ్రికాకు పరిచయం చేశాయి. కెన్యా, యుగాండా, ఇథియోపియా, జింబాబ్వే వంటి దేశాల నుంచి ఉపాధ్యాయులు, కార్యకర్తలు వచ్చి ఇక్కడి ఊళ్లు చూసి వెళ్లారు. ఇక్కడివారు అక్కడికి వెళ్లి నేర్పారు. యుగాండా పల్లెల్లో ‘బాలకార్మికులు లేని ప్రాంతం’ అనే పేరుతో టీచర్ల సంఘాలు ఇదే పనిని చేపట్టాయి. నూటయాభై ఏళ్లుగా మనం విదేశీ సేవకులు ఇటు రావడమే చూశాము. జీతగాళ్ల పిల్లలతో మన మట్టిలో తయారైన పని సముద్రం దాటి అటు పోవడం మనం పండుగ చేసుకోవలసిన సంగతి. ఎవరూ చేసుకోలేదు, సరే.

ఇంత చదివాక, మరి మన మిషన్ హాస్టళ్లు చెడ్డవా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. 1876-78 నాటి పెద్ద కరువులో తల్లిదండ్రులు నిజంగానే చచ్చిపోయిన పిల్లలను మిషనరీలు చేరదీసి బతికించారు. ఊరి బడిలో గుమ్మం దాటనివ్వని కాలంలో దళిత బిడ్డలకు మిషన్ బోర్డింగే చదువు. ఈ పత్రిక చదివే టీచర్లలో, నర్సులలో, పాస్టర్లలో ఎంతోమంది ఆ బోర్డింగు అన్నం తిన్నవారే. దానిని తక్కువచేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ చదువు కోసం, తల్లిదండ్రుల ఇష్టంతో, సెలవులకు ఇంటికి పోయివచ్చే హాస్టలు వేరు. తల్లి బతికి ఉండగానే అనాథ అని రాసి, దాతలకు చూపించడం కోసం ఉంచుకునే హోం వేరు. అయిదో తరగతి దాటిన పిల్లవాడు వేరు, పాలు తాగే బిడ్డ వేరు. అప్పట్లో కరువు ఉంది, ఊళ్లో బడి లేదు. ఇప్పుడు బడి ఉంది, మధ్యాహ్న భోజనం ఉంది, రేషను బియ్యం ఉన్నాయి. కాలం మారినప్పుడు సహాయం తీరు కూడా మారాలి.

ఇందాక తిండి సంగతి చెబుతామన్నాము. క్షయ రోగికి చికిత్స జరిగినన్నాళ్లు పోషకాహారం కోసం ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తూ వచ్చింది, 2024 నవంబరు నుంచి దానిని 1000 చేసింది. ఇది రోగి బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆధారు, ఖాతా నంబరు ఇవ్వని కారణంగానే చాలామందికి ఆగిపోతున్నది. పిల్లల కోసం ఇంకొక పథకం ఉంది, మిషన్ వాత్సల్య. తల్లి విధవరాలైనా, తల్లిదండ్రులకు ప్రాణాంతకమైన జబ్బు ఉన్నా, తల్లీ తండ్రీ పోయి తాత దగ్గరో మేనత్త దగ్గరో పెరుగుతున్నా, ఆ బిడ్డ ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకు 4000 రూపాయలు. 2022 నాటి నిబంధనల ప్రకారం పల్లెలో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణంలో 96,000 దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. విచారణ జరిగి, కమిటీ ఒప్పుకోవాలి, నిధులు ఉండాలి. కాళ్లు అరిగేలా తిప్పుతారని మీరు అంటారు, అది అబద్ధం కాదు. అందుకే ఒంటరిగా పంపకుండా, సంఘంలో చదువుకున్న యువకుడు ఒకరు వెంట వెళ్లాలి. ఒక బిడ్డకు హోంలో సీటు కోసం మనవారు ఎన్ని సిఫారసు ఉత్తరాలు రాస్తారో మాకు తెలుసు. అందులో సగం శ్రమ ఈ దరఖాస్తు మీద పెడితే బిడ్డ అమ్మ దగ్గరే ఉంటుంది. బిడ్డ ప్రమాదంలో ఉందని తెలిస్తే 1098కి ఫోను చేయండి, రాత్రి పగలు ఎత్తుతారు, డబ్బు పడదు.

ఈ పనులన్నీ చేసే మనిషికి ఒక పేరు ఉంది, సోషల్ వర్కర్. మన సంఘాలలో ఆడపిల్ల నర్సింగు చదివి గల్ఫుకో ఇంగ్లండుకో వెళ్తే కృతజ్ఞతా కూడిక పెడతాము. ఎం.ఎస్.డబ్ల్యు. చదువుతానంటే ‘అదేం చదువు, సేవే కదా, చదవకపోయినా చేయొచ్చు’ అంటాము. సేవ చేయడానికి మనసు చాలు. ఒక తల్లి నిజంగా బిడ్డను పెంచలేదా, లేక మూడు నెలల బియ్యం ఉంటే పెంచగలదా అని తేల్చడానికి మాత్రం చదువు కావాలి, చట్టం తెలియాలి, ఆ ఇంటికి పదిసార్లు పోయే ఓపిక కావాలి. తండాలో పనిచేయాలంటే లంబాడీ భాష నాలుగు ముక్కలైనా రావాలి. ఇంగ్లండులో ఈ వృత్తికి ప్రభుత్వ రిజిస్టరులో పేరు ఉండాలి, లేకపోతే ఆ పేరు వాడుకోనివ్వరు. మన దగ్గర కాంట్రాక్టు ఉద్యోగం, ఆలస్యంగా వచ్చే జీతం. ఏడాది తిరగకముందే మనిషి మారిపోతే, ఆ మనిషిని నమ్మి కష్టం చెప్పుకున్న తల్లి మళ్లీ మొదటి నుంచి ఇంకొకరికి చెప్పుకోవాలి. ఫెర్రర్ దంపతుల పనిలో మేము అన్నిటికంటే విలువైనదిగా చూసేది స్పెయిన్ డబ్బును కాదు, ఒకేచోట ఉండిపోయిన ఆ నలభై ఏళ్లను. మన ఆసుపత్రులలో, మన సంఘాలలో ఒక్కొక్క సోషల్ వర్కరుకు సక్రమమైన జీతం ఇచ్చి పదేళ్లు నిలబెట్టడం, కొత్త హోం భవనానికి శంకుస్థాపన చేయడం కంటే తక్కువ ఖర్చు. శిలాఫలకం మీద మాత్రం పేరు రాదు.

డిసెంబరులో బట్టలు, బియ్యం, కేకులు పట్టుకొని ఏదో ఒక హోంకు వెళ్లేవారు తప్పక వెళ్లండి. వెళ్లినప్పుడు మాత్రం మర్యాదగా నాలుగు సంగతులు అడగండి. బాలల న్యాయ చట్టం కింద రిజిస్టరు అయినదా? ఇక్కడి పిల్లలలో ఎందరిని పిల్లల సంక్షేమ కమిటీ పంపింది? తల్లిదండ్రులు ఉన్నవారు ఎందరు, వారు ఎప్పుడెప్పుడు చూడటానికి వస్తారు? పోయిన ఏడాది ఎంతమంది పిల్లలు తిరిగి ఇంటికి చేరారు? పిల్లలను వరుసగా నిలబెట్టి ఫోటో తీయడం మానండి, చట్టం కూడా దానికి ఒప్పుకోదు. నాలుగో ప్రశ్నకు వెంటనే అంకె చెప్పగలిగిన హోం దొరికితే, వచ్చే ఏడాది కానుక రెట్టింపు చేసి తీసుకువెళ్లండి.